రాతపరీక్ష దాటాక నోరు పెగలాలంటే
బిడియస్తుల ఇంటర్వ్యూ సాధన గురించి పరిశోధనలు చెబుతున్నదేమిటి?

కోల్‌కతాలో ఐఎస్ఐగా పిలిచే భారతీయ గణాంక సంస్థలోగానీ, సాల్ట్ లేక్‌లోని సత్యేంద్రనాథ్ బోస్ జాతీయ మౌలిక శాస్త్రాల కేంద్రంలోగానీ పరిశోధనకు చేరాలనుకునేవారికి రాతపరీక్ష సగం దారి మాత్రమే. తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. విజయవాడ నుంచో విశాఖ నుంచో రైలెక్కి హౌరాలో దిగిన విద్యార్థి కొత్త ఊళ్లో, ఇంగ్లిష్‌లో, ముక్కూమొహం తెలియని ఆచార్యుల ముందు బోర్డు మీద లెక్క చేసి చూపాలి. సబ్జెక్టు వచ్చినా గొంతు పెగలకపోతే సీటు చేజారవచ్చు.

బిడియం జబ్బు కాదు. కొత్తవారి ముందు వెనక్కి తగ్గే స్వభావం కొందరిలో పసితనం నుంచే కనిపిస్తుంది. అయితే భయంతో తరగతులు, పరీక్షలు మానుకునేదాకా వస్తే నిపుణుల సాయం తీసుకోవాలి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416)లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇంటర్వ్యూయే ప్రయోగంగా

మనిషిలో ఒత్తిడిని కొలవాలంటే ముందు ఒత్తిడి పుట్టించాలి. అందుకు జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1993లో ఎంచుకున్న సాధనం ఉత్తుత్తి ఇంటర్వ్యూ. ఉద్యోగార్థిలా 5 నిమిషాలు మాట్లాడాలి. తర్వాత మరో 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికి. ఎదురుగా ఉన్నవారు నవ్వరు, తలూపరు.

ఈ పరీక్షలో చాలామందికి గుండె వేగం పెరుగుతుంది, కార్టిసాల్ అనే హార్మోన్ ఎగబాకుతుంది. అడ్రినలిన్ క్షణాల్లో పనిచేస్తే, కార్టిసాల్ పతాకస్థాయికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అది ఎక్కువైనప్పుడు నేర్చుకున్నది గుర్తుకు తెచ్చుకోవడం కష్టమవుతుంది. రాత్రి చూసుకున్న సూత్రం పొద్దున బోర్డు ముందు మాయమవడానికి ఇదొక కారణం.

అదే బృందం 1995లో 20 మందికి ఈ పరీక్షను వరసగా 5 రోజులు పెట్టింది. ఎక్కువమందిలో కార్టిసాల్ స్పందన మొదటి రోజు తర్వాత బాగా తగ్గింది. కొందరిలో మాత్రం రోజూ పెరుగుతూనే ఉంది. అంటే నమూనా ఇంటర్వ్యూ ఒక్కటి సరిపోతుందనుకోకూడదు. కొందరికి ఎక్కువ సాధన కావాలి.

చదవడం కాదు, చూడకుండా చెప్పడం

2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 120 మంది చేత కొన్ని పదాలు, బొమ్మలు నేర్పించారు. సగం మంది వాటిని మళ్లీ మళ్లీ చూశారు. మిగతా సగం చూడకుండా గుర్తుచేసుకుంటూ సాధన చేశారు. మర్నాడు రెండు వర్గాల్లోనూ కొందరిని, ముందుగా చెప్పకుండా, న్యాయనిర్ణేతల ముందు ప్రసంగం, లెక్కలతో ఒత్తిడికి గురిచేశారు. మళ్లీ చూసినవారి జ్ఞాపకం ఒత్తిడిలో తగ్గింది. గుర్తుచేసుకుంటూ సాధన చేసినవారి జ్ఞాపకం మాత్రం తగ్గలేదు.

బిడియస్తులకు ఇది శుభవార్త. బిడియం పోయేదాకా ఆగనక్కర్లేదు, సాధన తీరు మార్చుకుంటే చాలు. ఇష్టమైన రెండు మూడు అంశాలు ఎంచుకుని పుస్తకం మూసి, నిలబడి, రాస్తూ పైకి చెప్పాలి. లోలకం ఆవర్తన కాలాన్ని రాబట్టడం వంటి చిన్న లెక్కతో మొదలుపెట్టవచ్చు. మొదట ఒంటరిగా, తర్వాత స్నేహితుడి ముందు, ఆ తర్వాత అంతగా పరిచయం లేని అధ్యాపకుల ముందు చెప్పాలి. మధ్యలో “ఎందుకు?” అని ఆపి అడగమనాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లిష్‌లో “కాస్త ఆలోచించుకోనివ్వండి”, “ఇక్కడిదాకా తెలుసు, తర్వాత ఇలా ప్రయత్నిస్తాను” వంటి నాలుగు వాక్యాలను నాలుకకు అలవాటు చేసుకుంటే మేలు.

వణుకు అంతగా కనిపించదు

తన కంగారు అందరికీ కనిపిస్తోందన్న భయం బిడియాన్ని రెట్టింపు చేస్తుంది. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వవేత్తలు దీన్ని పరీక్షించారు. మాట్లాడినవారు తమ కంగారు ఎంత బయటపడిందని అనుకున్నారో, విన్నవారికి అంత కనిపించలేదు. ఈ సంగతి ముందే తెలిసినవారు మెరుగ్గా మాట్లాడారు కూడా. అందుకే చేతులు వణికినా దాచే ప్రయత్నం అనవసరం, ధ్యాస లెక్క మీద ఉంచాలి. ఎదుటివారి ముఖంలో భావం లేకపోతే జవాబు తప్పనీ అనుకోనక్కర్లేదు.

ఒక ఇంటర్వ్యూ తప్పితే

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తాలో ఇంటర్వ్యూకు హాజరయ్యారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ ఆ ప్రయాణంలోనే ఐఎస్ఐలో శిక్షణ పొందుతున్న ఒకరి ద్వారా ఆ సంస్థ గురించి తెలుసుకుని, 1941 జనవరిలో అక్కడ చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంకశాస్త్రంలో ఎంఏ అందుకున్నారు. 1945లో ఆయన ప్రచురించిన పత్రంలోని క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఇప్పటికీ గణాంకశాస్త్ర విద్యార్థులకు పాఠాలే. నేడు ఐఎస్ఐ ఇంటర్వ్యూకు వెళ్లేవారు బోర్డు మీద రాబట్టమని అడిగించుకోగల ఫలితాల్లో అవీ ఉన్నాయి.