లేని స్టేషన్‌కు దారి అడిగారు

భారత్-పాక్ యుద్ధంలో, 1971 డిసెంబరు 10న, భారత వైమానిక దళ ఫ్లైట్ లెఫ్టినెంట్ దిలీప్ పరూల్కర్ నడుపుతున్న సుఖోయ్-7ను పాకిస్తాన్ విమాన విధ్వంసక తుపాకులు కూల్చేశాయి. ఆ విమానానికి ఒకటే ఇంజను, లోపల ఒక్కడే మనిషి. బాంబులు గురి తప్పకుండా వేయాలంటే బాగా కిందికి దిగాలి, దిగితే తుపాకులకు అందుతుంది. పైలట్ సీటుతో సహా ఎగిరి బయటపడినా పారాచూట్ దించేది ఎక్కడికి? కాసేపటి క్రితం తాను దాడి చేసిన చోటికే. కోపంతో రగిలిపోతున్న జనం చేతుల్లోంచి సైనికులు లాక్కుపోతే అదీ అదృష్టమే.

డిసెంబరు 5న సింధ్ ఎడారిలో కూలిన మారుత్ యుద్ధవిమానం పైలట్ జవహర్ లాల్ భార్గవ, తాను పాకిస్తాన్ వైమానిక దళానికి చెందిన మన్సూర్ అలీనని చెప్పుకుని కొంతసేపు నెట్టుకొచ్చాడు. అనుమానం వచ్చినవాళ్లు ముస్లింల విశ్వాస వాక్యమైన కల్మా చదవమన్నారు. రాలేదు. దొరికిపోయాడు.

ఇలా పట్టుబడిన పన్నెండు మంది భారత వైమానిక దళ అధికారులను రావల్పిండి శిబిరంలో ఉంచారు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీ చెప్పి తీరాల్సింది పేరు, హోదా, సర్వీసు నంబరు, పుట్టిన తేదీ మాత్రమే. మేజర్ కంటే కింది అధికారికి నెలకు 50 స్విస్ ఫ్రాంకుల విలువైన జీతం అడ్వాన్సు ఇవ్వాలి. ఇంకో విచిత్రం: యుద్ధఖైదీ పారిపోబోవడం క్రమశిక్షణ తప్పిదమే తప్ప నేరం కాదు. దొరికితే ముప్పై రోజులకు మించి నిర్బంధ శిక్ష వేయకూడదు. పారిపోవాలనుకోవడం సైనికుడి సహజ గుణమని చట్టమే ఒప్పుకుందన్నమాట. అయితే పారిపోతున్నప్పుడు కాపలావాడు కాల్చకుండా ఆ చట్టం ఆపలేదు.

పరూల్కర్ మాత్రం యుద్ధానికి ముందే, పట్టుబడితే తప్పించుకుంటానని తన కమాండర్‌తో అన్నాడట. మాట నిలబెట్టుకునే పనిలో పడ్డాడు. ఆ నెలనెలా వచ్చే డబ్బు దాచారు. రెండు కాళ్లకూ దెబ్బలు తగిలి పారిపోలేని స్థితిలో ఉన్న తోటి ఖైదీ కామత్, సూదిని అయస్కాంతంగా మార్చి దిక్సూచి చేసిచ్చాడు. ఇటుకల మధ్య గచ్చును చిన్న చిన్న పనిముట్లతో రాత్రుళ్లు గీకి, గోడకు కన్నం పెట్టారు. భారత సరిహద్దు వైపు సైన్యం కిక్కిరిసి ఉంటుంది. అందుకే పడమరకు, పెషావర్ మీదుగా అఫ్గానిస్తాన్‌కు పోదామనుకున్నారు. నా దృష్టిలో మొత్తం పథకంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే.

1972 ఆగస్టు 12, శనివారం రాత్రి. గాలివాన మధ్య పరూల్కర్, మల్విందర్ సింగ్ గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ కన్నంలోంచి జారుకున్నారు. బస్సెక్కి పెషావర్, అక్కణ్ణుంచి జమ్రూద్, మళ్లీ బస్సులో లండీకోతల్. తెల్లవారి ఉదయానికల్లా అఫ్గాన్ సరిహద్దు నాలుగైదు మైళ్ల దూరంలోకి వచ్చేసింది. అక్కడ అడిగారు: లండీఖానాకు ఎలా వెళ్లాలి?

ఖైబర్ రైలు మార్గం 1926లో లండీఖానా దాకా వెళ్లింది. 1932లోనే ఆ చివరి ముక్కను బ్రిటిష్ ప్రభుత్వం మూసేసింది. వీళ్లు చూసిన మ్యాపులో మాత్రం స్టేషన్ అలాగే ఉంది. నలభై ఏళ్లుగా రైలు రాని చోటికి దారి అడిగే కొత్త ముఖాలు ఆ కొండల్లో ఇట్టే కంటపడతాయి. ఇక ప్రశ్నల వాన. సెలవు మీద వచ్చిన పాకిస్తాన్ వైమానిక దళం వాళ్లమన్నారు. పరూల్కర్ ఫిలిప్ పీటర్‌గా, సింహ్‌జీ హెరాల్డ్ జేకబ్‌గా చెలామణి అవబోయారు. క్రైస్తవ పేర్లయితే కల్మా అడిగే అవసరం రాదు కదా! అయినా అక్కడి తహసీల్దారు వదల్లేదు.

ఇక ప్రాణాలకే ముప్పని తోచిన పరూల్కర్, ఉస్మాన్ హమీద్‌కు ఫోన్ చేయమన్నాడు. అతను ఒకప్పుడు రావల్పిండి శిబిరాధికారి, ఖైదీలను మర్యాదగా చూసినవాడు. అప్పటికి పాక్ వైమానిక దళాధిపతి దగ్గర ఏడీసీ (సహాయకాధికారి). ఫోన్‌లో విషయం విన్న హమీద్, వాళ్లకు హాని చేయవద్దని అక్కడి అధికారులకు చెప్పాడు. పట్టుబడ్డ శత్రువు కాపాడమని శత్రుసైన్యంలోని మనిషినే పిలవడం, ఆ మనిషి కాపాడటం ఈ కథలో నాకు గోడ కన్నం కన్నా ఆశ్చర్యం.

ముగ్గురినీ వెనక్కి తెచ్చి ఒంటరి గదుల్లో వేశారు. తర్వాత ఖైదీలందరినీ లియాల్‌పూర్ జైలుకు మార్చారు. అక్కడే పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టో వచ్చి వాళ్ల విడుదల ప్రకటించాడు. 1972 డిసెంబరు 1న మిగతావాళ్లతో కలిసి వాఘా దగ్గర భారత్‌లో అడుగుపెట్టారు.