లంబసింగి చలిలో కంప్యూటరు వేగం పెంచవచ్చా?

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, తూర్పు కనుమల మీద, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు లంబసింగి. శీతాకాలపు తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దాకా దిగిన సందర్భాలున్నాయి. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడట! పల్నాడు జిల్లాలోని రెంటచింతల దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు.

ఒకే రకం కంప్యూటర్లను ఈ రెండు ఊళ్ళలో పెట్టామనుకోండి. చలి ఊళ్ళోని కంప్యూటరు చేత ఎక్కువ వేగంగా పని చేయించవచ్చా? కంప్యూటరు ఆటలంటే ఇష్టమున్న విద్యార్థులకు తప్పకుండా వచ్చే సందేహమిది. గ్రాఫిక్స్ కార్డును దాని తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడాన్ని ‘ఓవర్‌క్లాకింగ్’ అంటారు. అసలు ఆ కార్డు ఏం చేస్తుందో ముందు చూద్దాం.

కోట్ల చుక్కల ముగ్గు

కంప్యూటరు తెర మీది బొమ్మ నిజానికి రంగు చుక్కల ముగ్గు. మామూలు తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణించి చూడండి: మొత్తం 20,73,600. ఆటలో బొమ్మ కదలాలంటే ఈ చుక్కలన్నిటి రంగునూ సెకనుకు 60 సార్లు కొత్తగా లెక్కగట్టాలి. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు! ఈ పని చేసేది గ్రాఫిక్స్ కార్డు. దాని చిప్పులో వందల, వేల సంఖ్యలో చిన్న చిన్న గణన విభాగాలు ఒకేసారి పనిచేస్తాయి. ఇలాంటి చిప్పుల రూపకల్పనలో తెలుగువారూ ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీ సంస్థ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు.

దరువు తప్పితే?

అరకు ప్రాంతపు ధింసా నృత్యం చూశారా? చేతులు కలిపి వరుసగా నిలబడ్డ స్త్రీలందరి అడుగులూ వాద్యాల దరువుకు ఒక్కసారే పడతాయి. చిప్పులోనూ ఇలాంటి దరువు ఒకటుంది. దాన్ని ‘క్లాకు’ అంటారు. సెకనుకు 150 కోట్ల స్పందనలుంటే ఆ క్లాకు పౌనఃపున్యం 1.5 గిగాహెర్ట్‌జ్ అన్నమాట.

దరువు వేగం పెంచితే నృత్యం కూడా వేగంగా సాగుతుంది. కాని మితిమీరితే ఒక అడుగు పూర్తిగా పడకముందే మరో దరువు వచ్చేస్తుంది. వరుస చెదురుతుంది. చిప్పులోనూ అంతే. ఒక లెక్క పూర్తికాకముందే తర్వాతి స్పందన వస్తే తప్పు జవాబు నమోదవుతుంది. తెర మీద పిచ్చి రంగుల మచ్చలు కనిపిస్తాయి. ఆట ఆగిపోతుంది. ఒక్కోసారి తెరంతా నల్లబడుతుంది.

వోల్టేజి కొంచెం పెంచితే చిప్పులోని ట్రాన్సిస్టర్లు మరింత చురుగ్గా పనిచేసి, పెరిగిన వేగాన్ని అందుకోగలుగుతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వేడి లెక్క

ట్రాన్సిస్టరు ఒక స్థితి నుంచి మరో స్థితికి మారినప్పుడల్లా కొంత విద్యుత్తు వేడిగా మారుతుంది. ఈ వేడి క్లాకు వేగానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగాన్ని మాత్రమే 10 శాతం పెంచితే వేడి 1.1 రెట్లవుతుంది. వోల్టేజిని కూడా 10 శాతం పెంచితే? 1.1 × 1.1 × 1.1 = 1.331. చూశారా! 10 శాతం వేగం కోసం 33 శాతం అదనపు వేడిని మోయాలి.

ఇప్పుడు మన రెండు ఊళ్ళకు వద్దాం. పూర్తిగా పనిచేసేటప్పుడు కార్డు గది గాలి కంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందని అనుకుందాం. గది 5 డిగ్రీలున్న లంబసింగిలో అది 50కి చేరుతుంది. గది 43 డిగ్రీలున్న రెంటచింతలలో 88కి చేరుతుంది. వేగం, వోల్టేజి రెండూ పెంచితే ఆ 45 కాస్తా సుమారు 60 అవుతుంది. లంబసింగిలో 65, రెంటచింతలలో 103! చాలా కార్డులు 80, 90 డిగ్రీల మధ్యకు రాగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అందుచేత రెండో ఊళ్ళో పెంచిన వేగం నిలవదు.

చలి అన్నిటికీ మందు కాదు

అయితే లంబసింగి కంప్యూటరుకు హద్దే లేదా? ఉంది. మొదటిది, వెయ్యి మీటర్ల ఎత్తున గాలి సాంద్రత తీరప్రాంతంలో కంటే సుమారు పది శాతం తక్కువ. పలుచని గాలి వేడిని తక్కువగా మోసుకుపోతుంది. రెండోది, ఎంత చల్లగా ఉన్నా, ఎక్కువ వోల్టేజి చిప్పులోని అతి సన్నని తీగలను, పొరలను కాలక్రమాన దెబ్బతీస్తుంది. మూడోది తేమ. చల్లబడిన కంప్యూటరును అన్నం ఉడుకుతున్న గదిలోకి తెస్తే గాలిలోని ఆవిరి దాని మీద నీటిబొట్లుగా మారుతుంది. దీన్నే సాంద్రీకరణం అంటాం. ఆ స్థితిలో స్విచ్చి వేస్తే కార్డు కాలిపోవచ్చు. పొగమంచు వచ్చే కిటికీ పక్కన కంప్యూటరు పెట్టడం కూడా మంచిది కాదు.

2011లో ఏఎండీ వారి ప్రాసెసరు ఒకదాన్ని ద్రవ నైట్రోజన్, ద్రవ హీలియంలతో చల్లబరచి సెకనుకు సుమారు 843 కోట్ల స్పందనల దాకా నడిపారు. ద్రవ నైట్రోజన్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. అది నిపుణులు కొద్దిసేపు చేసిన ప్రదర్శన. అది చూసి ఇంట్లో ఐసు ముక్కలతో ప్రయత్నించకండి!

జాగ్రత్తగా చేయాలంటే

బడి కంప్యూటరు మీద ఈ పని చేయరాదు. ఇంట్లోనైనా పెద్దల అనుమతి తీసుకోండి. వారంటీ పోయే అవకాశముందని వారికి ముందే చెప్పండి. ల్యాప్‌టాపు జోలికి వెళ్ళకండి. వేడి బయటికి పోవడానికి అందులో చోటు తక్కువ.

ముందు కరెంటు పూర్తిగా తీసేసి, కార్డు ఫ్యానుకు పట్టిన దుమ్మును మెత్తని కుంచెతో దులపండి. తరువాత మామూలు వేగంతోనే అరగంట ఆట నడిపి, ఉష్ణోగ్రత ఎంత చేరిందో రాసుకోండి. అది ఇప్పటికే 80 దాటితే అక్కడే ఆగండి. లేకుంటే క్లాకును ఒక్కోసారి 15 మెగాహెర్ట్‌జ్ చొప్పున పెంచి, ప్రతిసారీ పావుగంట పరీక్షించండి. మచ్చలు కనిపించగానే రెండు మెట్లు వెనక్కి రండి. వోల్టేజిని మాత్రం పెంచవద్దు. డిసెంబరులో కుదిరిన వేగం మే నెలలో కుదరకపోవచ్చు. కనుక వేసవిలో మళ్ళీ పరీక్షించాలి.

మైదానాల్లో ఉన్నవారికి ఇంకో మార్గముంది. వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజిని 10 శాతం తగ్గించగలిగితే వేడి 0.9 × 0.9 = 0.81 రెట్లకు, అంటే 19 శాతం తగ్గుతుంది. దీన్ని ‘అండర్‌వోల్టింగ్’ అంటారు. దీన్ని కూడా ఒక్కో మెట్టు దిగుతూ, పరీక్షిస్తూ చేయాలి.

చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఈ సంగతులు పరీక్షించవచ్చు. రెండు స్టీలు గ్లాసుల్లో ఒకే మోతాదులో వేడినీళ్ళు పోసి మూతలు పెట్టండి. ఒకదాన్ని ఫ్యాను ఎదుట, మరొకదాన్ని గాలి తగలని చోట ఉంచండి. అయిదు నిమిషాలకోసారి రెండింటి ఉష్ణోగ్రతనూ థర్మామీటరుతో చూసి రాసుకోండి. ఫ్యాను ఎదుట ఉన్నది త్వరగా చల్లారుతుంది. కాని ఎంతసేపు ఉంచినా గది గాలి కంటే చల్లబడదు. మూత తీస్తే నీరు ఆవిరై, ఫలితం మారిపోతుంది సుమా! మూడో గ్లాసులో ఐసు నీళ్ళు పోయండి. కాసేపటికి దాని బయటివైపు నీటిబొట్లు కడతాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయో మీ తమ్ముడికో చెల్లెలికో మీరే వివరించండి.