ఉమ్మడి ఫోల్డరు ఏ తాళంచెవితో తెరుచుకున్నది?

సంఘ సభ్యులు, కార్యదర్శులు, టెస్టర్లు గమనించవలసిన విషయమొకటి ఈ సంచికలో వివరిస్తున్నాము. ఇది దాణాకు గాని, పశువుల జబ్బులకు గాని సంబంధించినది కాదు. అయినా మీ పాల బిల్లుకు సంబంధించినదే.

ఇప్పుడు చాలా సంఘాలలో పాలు కాటా మీద పెట్టగానే లీటర్లు, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. కంప్యూటరులోకి ఎక్కుతున్నవి. ఆ లెక్కల ఫైళ్లను ఒకచోట ఉంచి, సేకరణ గదిలోని కంప్యూటరు నుండి, ఆఫీసు గదిలోని కంప్యూటరు నుండి కూడా తెరిచేటట్లు ఏర్పాటు చేసుకుంటారు. దానిని ఉమ్మడి ఫోల్డరు అందాము. లెక్కలు ఉన్న యంత్రమే సర్వరు.

నేను చూసిన ఒక సంఘంలో ఒక సభ్యురాలి పదిహేను రోజుల బిల్లులో, ఒక సాయంత్రపు వెన్నశాతం 6.8కి బదులు 5.8గా పడింది. ఆమె చీటీ దాచుకున్నది గనుక సొమ్ము సరిచేసి ఇచ్చారు. కాని అంకె మార్చినదెవరు? అందరి చూపూ టెస్టరు మీదికి పోయింది. సర్వరులోని చిట్టా తీసి చూస్తే, మనిషి పేరు ఉండవలసిన చోట ‘గెస్ట్’ అని ఉన్నది. అంటే అతిథి. ఆ ఫోల్డరును పాస్‌వర్డు లేకుండా ఎవరికైనా తెరుచుకొనేటట్లు పెట్టారు. ఏ కంప్యూటరు నుండి వచ్చారో తెలిసింది గాని, ఆ కంప్యూటరు ముందు రోజుకు నలుగురు కూర్చుంటారు. ఆ అబ్బాయి తప్పు చేశాడని తేలలేదు. చేయలేదని కూడా తేలలేదు. అతనిని ఎక్కువ బాధపెట్టినది ఈ రెండవదే.

ఫోల్డరు తెరుచుకొనే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది పైన చెప్పిన అతిథి పద్ధతి. పేరూ అడగదు, రహస్యమూ అడగదు. లెక్కలున్న చోట ఇది పనికిరాదు.

రెండవది ఎన్.టి.ఎల్.ఎం. అనే పద్ధతి. సర్వరు మీకొక అంకె పంపుతుంది. మీ కంప్యూటరు ఆ అంకెను మీ పాస్‌వర్డు నుండి తయారైన రహస్యంతో కలిపి లెక్కకట్టి జవాబు పంపుతుంది. పాస్‌వర్డు తీగ వెంట పోదు, అది మంచిదే. అయితే అవతల ఉన్నది మన సర్వరేనా అన్నది ఈ పద్ధతి రుజువు చేయదు. మధ్యలో ఒక దొంగ నిలబడి, అసలు సర్వరు వేసిన ప్రశ్నను మీకు అందించి, మీరిచ్చిన జవాబును అక్కడ అప్పజెప్పి, మీ పేరుతో తాను లోపలికి పోయే వీలున్నది.

మూడవది కెర్బెరోస్. అమెరికాలోని ఎం.ఐ.టి.లో, 1983లో మొదలైన ఎథీనా పథకంలో పుట్టినది. పాతాళానికి కాపలా ఉండే కుక్క పేరు గ్రీకు పురాణాల నుండి తెచ్చి పెట్టారు. ఇందులో పొద్దున ఒకసారి ఆఫీసులో గుర్తింపు చూపి టోకెను తీసుకుంటే, ఆ తర్వాత ఏ గోదాము దగ్గరైనా ఆ గోదాముకు రాసిన చీటీ చూపితే చాలు. ఆ చీటీని చదవగలది అసలైన సర్వరు మాత్రమే. కనుక అటువైపు కూడా గుర్తింపు జరుగుతుంది. మామూలుగా చీటీ గడువు 10 గంటలు. రెండు యంత్రాల గడియారాలకు 5 నిమిషాలకు మించి తేడా ఉంటే చీటీ చెల్లదు. కాబట్టి గడియారం సరిగా ఉన్నదో లేదో ముందు చూసుకోవలెను.

చిక్కేమంటే, ఏ పద్ధతిలో తెరుచుకున్నా తెర మీద ఫోల్డరు ఒక్క తీరుగానే కనబడుతుంది. చెంబులో పాలను చూసి వెన్నశాతం చెప్పలేనట్లే ఇదీను. పరీక్ష చేయవలసిందే.

విండోస్ కంప్యూటరులో ముందు ఫోల్డరు తెరవండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో కె, ఎల్, ఐ, ఎస్, టి అనే అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరుసలో సి.ఐ.ఎఫ్.ఎస్. అనే అక్షరాల పక్కన మీ సర్వరు పేరుంటే కెర్బెరోస్ చీటీ అందినట్లు. గట్టి సాక్ష్యం మాత్రం సర్వరు చిట్టాలో ఉంటుంది. అక్కడ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ భాగంలో 4624 నంబరు నమోదులు చూడవలెను. లాగాన్ టైపు 3 అని ఉన్నవి నెట్‌వర్క్ ద్వారా వచ్చినవి. వాటిలో అకౌంటు పేరు, అథెంటికేషన్ ప్యాకేజి అనే రెండు వరుసలు చదివితే ఎవరు, ఏ పద్ధతిన వచ్చారో తెలుస్తుంది. ఈ చిట్టా చూడడానికి సర్వరు మీద అధికారమున్న మనిషి కావలెను. కార్యదర్శి ఒక్కడే చూడకుండా పాలకవర్గంలో ఒకరు పక్కన ఉంటే మేలు.

ఇంకొక మాట. సర్వరును పేరుతో పిలిచినప్పుడు కెర్బెరోస్ పనిచేసే చోటనే, దానిని అంకెల చిరునామాతో పిలిస్తే మామూలు ఏర్పాటులో ఎన్.టి.ఎల్.ఎం. వాడబడుతుంది. అంకెలు కొట్టడం సులువని అలవాటు పడినవారు మానుకోవలెను.

చిన్న సంఘాలలో రెండు మూడు కంప్యూటర్లే ఉంటవి. చీటీలిచ్చే డొమైన్ సర్వరు ఉండదు. కనుక అక్కడ కనబడేది ఎన్.టి.ఎల్.ఎం. మాత్రమే. దానికి కంగారుపడనక్కరలేదు. ప్యాకేజి పేరు దగ్గర వి2 అని ఉన్నదో లేదో చూడండి. వి1 అని ఉంటే వెంటనే మార్పించండి. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 నుండి వి1ను తీసివేశారు. మిగిలిన ఎన్.టి.ఎల్.ఎం.ను కూడా క్రమంగా వదిలిస్తామని మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం ప్రకటించింది.

అదే 24హెచ్2లో ప్రో రకపు కంప్యూటర్లు అతిథి పద్ధతిని మామూలుగా ఒప్పుకోవు. ప్రతి సందేశానికి ముద్ర ఉండాలని కూడా అడుగుతవి. మధ్యలో దూరే దొంగకు ఇది అడ్డు. కొత్త కంప్యూటరు కొనగానే పాత ఫోల్డరు తెరుచుకోవడం లేదని ఫిర్యాదు వస్తే కారణం ఇదే కావచ్చును. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు అయిదు నిమిషాలలో అతిథి తలుపు మళ్లీ తెరిచి పోతానంటాడు. ఒప్పుకోవద్దు. కాటా దగ్గర కూర్చొనే ప్రతి మనిషికీ విడిగా ఒక పేరు, ఒక పాస్‌వర్డు పెట్టించండి. దీనికి విడిగా ఖర్చేమీ లేదు, ఒక పూట పని. ఆ తర్వాత సర్వరు పేరు, చిట్టాలో కనబడవలసిన పద్ధతి పేరు ఒక అట్ట మీద రాసి, ధరల పట్టిక పక్కనే గోడకు తగిలించండి. పాస్‌వర్డు మాత్రం ఆ అట్ట మీద రాయకండి. రాసిన సంఘాలు కూడా ఉన్నవి.