కలప చారలే వేలిముద్రలు: బాబ్ డిలాన్ గిటార్ ఎలా తేలింది?

సూరత్‌లో వజ్రాలు సానపట్టేవారికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. గుండ్రటి బ్రిలియంట్ వజ్రాలన్నింటికీ ముఖాల అమరిక ఒకటే. లెక్కపెడితే 57 లేదా 58 ఉంటాయి. ఆ అమరికను బట్టి ఒక రాయిని మరో రాయి నుంచి వేరు చేయడం కష్టం. కానీ 10 రెట్లు పెద్దదిగా చూపే లూప్ కింద పెడితే, చాలా రాళ్లలో చిన్న స్ఫటికాలు, మబ్బు మరకలు, సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అవి ఏ రెండు రాళ్లలోనూ ఒకే చోట, ఒకే తీరులో ఉండవు. ధరను తగ్గించే ఆ లోపాలే రాయికి గుర్తింపు చిహ్నాలు.

అమెరికాలో ఒక గిటార్ చిక్కుముడి కూడా ఇదే సూత్రంతో వీడింది.

1965 జులై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో గాయకుడు బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో వేదికెక్కారు. అప్పటిదాకా మామూలు గిటార్‌తో ఆయన పాటలు విన్న శ్రోతల్లో కొందరు కేకలు వేసి నిరసన తెలిపారు. రాక్ సంగీత చరిత్రలో ఆ రోజు ఒక మలుపుగా నిలిచిపోయింది. డిలాన్‌కు 2016లో సాహిత్య నోబెల్ కూడా దక్కింది.

దశాబ్దాల తర్వాత ఒక పైలట్ కుమార్తె తమ ఇంట్లో ఉన్నది ఆనాటి గిటారేనన్నారు. డిలాన్ ప్రయాణించిన చిన్న విమానాన్ని తన తండ్రి నడిపేవారని, గిటార్ అందులోనే ఉండిపోయిందని ఆమె కథనం. డిలాన్ తరఫు న్యాయవాది దాన్ని ఒప్పుకోలేదు. న్యూపోర్ట్ గిటార్ డిలాన్ దగ్గరే ఉందన్నారు. రెండు మాటలూ నిజం కాలేవు.

గిటార్ పెట్టెపై డిలాన్ సంస్థ 'యాషెస్ అండ్ శాండ్' పేరు ఉంది. కానీ పెట్టెలో ఏ గిటారైనా పెట్టవచ్చు. అది 1964 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ఆ ఏడాది అదే నమూనాలో ఎన్నో గిటార్లు తయారయ్యాయి. కాబట్టి తయారీ సంవత్సరం కూడా చాలదు.

2012లో 'హిస్టరీ డిటెక్టివ్స్' టీవీ కార్యక్రమం కోసం వాద్యాల నిపుణుడు ఆండీ బాబియుక్ ఈ గిటార్‌ను పరిశీలించారు. న్యూపోర్ట్‌లో తీసిన రంగుల ఫొటోలతో పోల్చి చూశారు. ఆయన దృష్టి పడింది వేళ్లు ఆడించే రోజ్‌వుడ్ పలక మీద.

చెట్టు చేవదేరే కొద్దీ కలపలో రంగు పదార్థాలు చేరతాయి. వాన, ఎండ, నేల, కొమ్మల బరువును బట్టి ఆ చారలు మారతాయి. రంపం ఏ కోణంలో కోసిందన్నది మరో మార్పు తెస్తుంది. అందుకే ఒకే దుంగ నుంచి తీసిన పలకల మీద కూడా చారలు అచ్చంగా ఒకేలా ఉండవు.

అయితే ఫొటోలో గిటార్ వంకరగా ఉంటే చారలను పోల్చేదెలా? వీణకు మెట్లున్నట్టే గిటార్‌కు లోహపు ఫ్రెట్‌లు ఉంటాయి. స్ట్రాటోకాస్టర్‌లో మోగే తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. మొదటి ఫ్రెట్ తీగ మొదలయ్యే అంచు నుంచి దాదాపు 36 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. తర్వాతి ఎడం ప్రతిసారీ దాదాపు 5.6 శాతం తగ్గుతూ పోయి, 12వ ఫ్రెట్ సరిగ్గా సగం దూరంలో నిలుస్తుంది. స్వరాల నిష్పత్తి నిర్ణయించిన ఈ కొలతలు ఆ నమూనా గిటార్లన్నింటికీ ఒకటే. కాబట్టి ఫ్రెట్‌లే ఫొటోలో స్కేలుగా పనికొస్తాయి. ఏ రెండు ఫ్రెట్‌ల మధ్య, ఏ చోట, ఏ చార ఉందో సరిచూడవచ్చు. అందరికీ ఒకటైనది కొలతనిస్తే, ఒక్కదానికే ఉన్నది గుర్తింపునిస్తుంది.

చారలు సరిపోయాయి. అది న్యూపోర్ట్ గిటారేనని బాబియుక్ తేల్చారు.

ఈ ఆధారానికీ ఒక హద్దుంది. స్ట్రాటోకాస్టర్ మెడభాగాన్ని నాలుగు స్క్రూలతో బిగిస్తారు. వాటిని విప్పి మెడను మరో గిటార్‌కు అమర్చవచ్చు. పలక మీది చారలు చెప్పేది మెడ గురించే. అందుకే గిటార్ పెట్టె, పైలట్ కుటుంబ కథనం వంటి మిగతా ఆధారాలు కూడా అవసరమయ్యాయి.

చివరికి ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలో ఆ గిటార్ 9,65,000 డాలర్లకు అమ్ముడైంది. వేలంలో గిటార్లకు అప్పటివరకు పలికిన అత్యధిక ధరల్లో అదొకటి. దానికి బలమిచ్చిన ఆధారం ఎవరి సంతకమో కాదు, ఒకప్పుడు అడవిలో పెరిగిన చెట్టు తన చేవలో మిగిల్చిన చారలు.