సిమ్ తీసి పక్కన పెట్టా... నాన్నకు డబ్బు పంపలేకపోయా!

ఓయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివా. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బౌద్ధనగర్‌లో మా గల్లీలో ఎవరి ఫోన్ మొరాయించినా ముందు మా ఇంటికే వస్తారు. అలాంటి నేను అమెరికా వెళ్లిన మూడో వారంలో, గోరంత సిమ్ కార్డు వల్ల తల పట్టుకుని కూర్చున్నా.

అప్పుడు మే నెల. ఆఫీసు పని మీద డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉన్నా. దిగిన రోజే అక్కడి సిమ్ తీసుకుని, మనది పాస్‌పోర్టు కవర్లో పెట్టేశా. రోమింగ్ ప్యాక్ డబ్బులు మిగిలాయని లోపల సంతోషం కూడా! వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తోంది కాబట్టి, ఫోన్లో మన సిమ్ లేదన్న సంగతే మర్చిపోయా.

ఓ రోజు సాయంత్రం ఏడున్నరకి అమ్మ వాట్సాప్ కాల్. ఇంటి దగ్గర అప్పుడు తెల్లారి ఆరు. నాన్నకు గుండెలో నొప్పి వస్తే పక్కింటి అంకుల్ ఆస్పత్రికి తీసుకెళ్లారట. "స్టెంట్ ఎయ్యాల్నంట బిడ్డా. ముందుగాల యాభై వేలు కట్టమంటున్నరు" అంది.

ఎంతసేపు, ఒక్క నిమిషం పని అనుకున్నా. యూపీఐ యాప్ తెరిస్తే బ్యాంకు నంబరున్న సిమ్ ఫోన్లో లేదంది. నెట్ బ్యాంకింగ్‌కి వెళ్లా. ఓటీపీ పంపామంది. ఎక్కడికి? పాస్‌పోర్టు కవర్లో ఉన్న సిమ్‌కి! వణికే చేతులతో పిన్నుతో ట్రే తీసి సిమ్ మార్చా. 'నో సర్వీస్'. రోమింగ్ ఆన్ చేయలేదు మరి. ఆన్ చేద్దామని మొబైల్ కంపెనీ యాప్‌లో లాగిన్ అవ్వబోతే అదీ ఓటీపీ అడిగింది. అదే నంబరుకి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి ఓయూ హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్న దోస్తుకి కాల్ చేశా. "అరే, నువ్వు ఫోన్ పెట్టెయ్, నేను పోతున్నా" అన్నాడు. రూమ్మేట్లని లేపి, తలా కొంత యూపీఐ చేయించుకుని, బైక్ మీద వెళ్లి కట్టేశాడు. నాన్న ఇప్పుడు బాగున్నారు. పొద్దున్నే వాకింగ్‌కి క్యాంపస్‌కి వెళ్లి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొస్తారు. కానీ ఆ రోజు అమ్మ అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది: "లక్షల్ల జీతమాయె, యాభై వేలు పంపరాలేదా నీకు?"

అసలు సంగతేంటంటే, మనదేశంలో సిమ్ అంటే కాల్స్ కోసమే కాదు, మన డబ్బుకి తాళంచెవి. యూపీఐ రిజిస్టర్ చేసేటప్పుడు ఫోన్ నుంచి ఓ ఎస్సెమ్మెస్ వెళ్లి ఆ ఫోన్నీ, ఆ సిమ్‌నీ కలిపి ముడేస్తుంది. ఎన్నారై ఖాతాలున్న వాళ్లకి అమెరికా, యూఏఈ లాంటి పది దేశాల నంబర్లతో యూపీఐ వాడుకునే వీలు 2023లో ఇచ్చారు. మూడు నెలల పనికి వెళ్లిన నాలాంటివాడికి అది వర్తించదు. ఓటీపీకి బదులు వేరే పద్ధతులూ వాడుకునేలా రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇచ్చింది కానీ, మీ బ్యాంకు ఏం చేస్తోందో కనుక్కోకుండా విమానం ఎక్కొద్దు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, వెళ్లేముందే ఇక్కడ రోమింగ్ ఆన్ చేయిస్తా. మన సిమ్ ఫోన్లోనే ఉంటుంది, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్. అక్కడి నెట్‌కి ఈ-సిమ్ వేసుకుంటా. అమ్మతో కలిపి ఓ జాయింట్ ఖాతా తెరిచి, దాని ఏటీఎం కార్డు బీరువాలో పెట్టా.

మిగతావి పెద్ద తలనొప్పులు కావు. లాప్‌టాప్ ఛార్జర్ మీద 'ఇన్‌పుట్ 100-240' అని ఉంటే అమెరికా 120 వోల్టులకీ పనిచేస్తుంది, ప్లగ్ అడాప్టర్ చాలు. అదే ధైర్యంతో అమ్మ ఇచ్చిన మిక్సీ పట్టుకెళ్లకండి, అది మన 230కే తిరుగుతుంది! పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్స్, వంద లోపే కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. ఎమిరేట్స్ మాత్రం 2025 అక్టోబరు నుంచి ఒక్కటే తెచ్చుకోనిస్తోంది, విమానంలో దాన్ని వాడనివ్వదు. రూల్స్ ఇలా మారుతూనే ఉంటాయి. 2017లో కొన్ని నెలలు దుబాయ్, దోహాల మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు లాప్‌టాప్‌ని క్యాబిన్లోకి తీసుకెళ్లడానికే వీల్లేకుండా పోయింది. ఇక దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ కలవవు. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాలను అడిగితే ఏ యాప్ వాడాలో మనకన్నా బాగా చెప్తారు. ఆఫీసు లాప్‌టాప్ అయితే కంపెనీకి చెప్పే తీసుకెళ్లండి. చెప్పకుండా అక్కడ లాగిన్ అయితే ఖాతా లాక్ అయిపోవచ్చు.

ఇంకోటి. ప్రయాణానికి వారం ముందు ఇంట్లోనే ఓ రోజంతా సిమ్ తీసేసి, వైఫై మీద బతికి చూడండి. ఏ యాప్ ఎక్కడ ఆగిపోతుందో రాసుకోండి. మొన్న రెండోసారి వెళ్లేముందు నేను అదే చేశా. ఏడు యాప్‌లు ఆగాయి. సోఫాలో కూర్చుని ఒక్కోటీ సరిచేస్తుంటే, అమ్మ టీ ఇస్తూ అడిగింది: "ఈసారన్న పైసలొస్తయారా?"

ఆమె ఎదురుగానే వంద రూపాయలు పంపి చూపించా.