సుంకము నెవరు చెల్లింతురు?

విదేశపు సరకుపై వేయు సుంకమును విదేశీయుడే భరించునని పలువురు తలంతురు. ఆర్థికశాస్త్రజ్ఞుడు డేవిడ్ రికార్డో వాదము వేరు. సుంకము ముదిరిన నిషేధమగును. 1815లో బ్రిటిష్ పార్లమెంటు, స్వదేశపు గోధుమల ధర క్వార్టరను కొలతకు 80 షిల్లింగులు చేరువరకు విదేశపు గోధుమలను దేశములో అమ్మరాదని శాసించెను. రొట్టె ప్రియమైనచో కూలివాడు బ్రదుకుటకు కూలి హెచ్చవలెను. కూలి హెచ్చినచో వర్తకుని లాభము తగ్గును. లబ్ధి కౌలురూపమున భూస్వామికి చేరునని రికార్డో చూపెను. ఆయనయు భూస్వామియే యగుట మాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. ఇంగ్లండు ధాన్యము కొననిచో పరదేశి ఇంగ్లీషు బట్టను ఏమిచ్చి కొనును? అయినను సుంకమును ఒక్కమారుగా తీసివేయుమని ఆయన యనలేదు. 1822లో, 20 షిల్లింగులతో మొదలిడి ఏటేట ఒక షిల్లింగు చొప్పున తగ్గించి 10కి తేవలెనని సూచించెను. మరుసటి యేడే మరణించెను. ఆ ధాన్య శాసనములు 1846లో గాని రద్దు కాలేదు.