కూలెంటు తొట్టి – దానిని మార్చు విధానము

మోటారుకారు ఇంజనులో మండిన పెట్రోలు నుండి వెలువడు శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే ఉపయోగకరమైన పనిగా మారును. మరియొక మూడవ వంతు వేడిరూపమున పొగగొట్టము ద్వారా బయటికి పోవును. మిగిలిన వేడిలో అధికభాగమును కూలెంటు అను ద్రవము గ్రహించి, రేడియేటరునకు కొనిపోయి, గాలికి వదలును. ఈ ప్రవాహమునకు అంతరాయము కలిగినచో ఇంజను కొద్ది నిమిషములలోనే చెడిపోవచ్చును.

కూలెంటు సాధారణముగా నీరు, ఎథిలీన్ గ్లైకాల్ కలిసిన మిశ్రమము. ద్రవములు వేడెక్కినప్పుడు వ్యాకోచించును. 6 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 95 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసినచో దాని పరిమాణము సుమారు 200 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసెడు, పెరుగును. పైపులన్నియు నిండియుండగా ఈ గ్లాసెడు ద్రవము ఎక్కడికి పోవలెను? దానికి చోటిచ్చుటకే ఇంజను ప్రక్కన ప్లాస్టిక్ తొట్టి నమర్చిరి. ఇంజను చల్లారగానే ఆ ద్రవము తిరిగి పైపులలోనికి చేరును.

ఈ తొట్టికి మరియొక పని కూడ కలదు. వంటింటి ప్రెషర్ కుక్కరును తలచుకొన్నచో అది సులభముగా బోధపడును. ఒత్తిడి పెరిగినకొలది నీరు మరుగు ఉష్ణోగ్రత పెరుగును. వాతావరణపు ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల వద్ద గాక, సుమారు 120 డిగ్రీల వద్ద మరుగును. నేటి అనేక కార్లలో తొట్టి మూతయందలి స్ప్రింగు కవాటము ఇట్టి ఒత్తిడినే నిలుపును. మూత రేడియేటరు మీదనే ఉన్న కార్లలో మాత్రము తొట్టి వట్టి నిలువపాత్రయే.

ఏండ్ల తరబడి వేడెక్కుచు, చల్లారుచు ఉండుటచే ప్లాస్టిక్ పెళుసుబారి, అతుకుల వద్ద పగులును. ఎండిన మరకలు, తియ్యని వాసన, నానాటికి తగ్గు ద్రవమట్టము దీనికి గుర్తులు. పగులు సన్నమైనదే యైనను ఒత్తిడి నిలువదు. కూలెంటు ముందుగానే మరుగును. ఆవిరిబుడగలు ద్రవమువలె వేడిని మోసికొనిపోలేవు గనుక ఇంజను లోహభాగములు వంకరపోవచ్చును.

తొట్టిని ఇంటివద్దనే మార్చుకొనవచ్చును గాని, ఇంజను పూర్తిగా చల్లారువరకు, అనగా కొన్ని గంటలసేపు, ఆగవలెను. వేడిగానున్నప్పుడు మూత తీసినచో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, 100 డిగ్రీలు దాటిన ద్రవము తటాలున మరిగి, ముఖముమీదికి చిమ్మును. ఇంజను ఆగియున్నను విద్యుత్పంకా తనంతట తిరుగవచ్చును గనుక తాళపుచెవిని తీసివేయవలెను.

సమతలమున కారు నిలిపి, మూతపై మందపు గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. లోని ద్రవమును చేతిపంపుతో తోడవలెను. నోటితో పీల్చుట ప్రాణాపాయము. గ్లైకాల్ రుచికి తియ్యనిదైనను విషము. పిల్లలకు, కుక్కలకు అందకుండ దానిని మూతగల డబ్బాలో ఉంచి, కార్ల మరమ్మతుశాలకు అప్పగించవలెను, మురుగుకాలువలో పోయరాదు. తరువాత ఏ గొట్టము ఎచ్చటిదో గుర్తుంచుకొని, క్లిప్పులు సడలించి గొట్టములను, మట్టము తెలుపు తీగ ఉన్నచో దానిని ఊడదీసి, బోల్టులు విప్పవలెను. క్రొత్త తొట్టిని పాతదానితో సరిపోల్చి, అదే క్రమమున బిగించవలెను. మూతను కూడ క్రొత్తది వేయుట మేలు. కవాటము బలహీనమైనచో క్రొత్త తొట్టి వలన ప్రయోజనముండదు.

కారుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన రకపు కూలెంటునే పోయవలెను. రంగు చూచి రకమును నిర్ణయింపరాదు. కలుపుటకు స్వేదనజలము తగినది. బోరునీటిలోని లవణములు సన్నని దారులలో పొరలుగా పేరుకొని వేడిని బయటికి పోనీయవు. ద్రవమట్టము కనిష్ఠ, గరిష్ఠ గీతల నడుమ ఉండవలెను. పైనున్న ఖాళీయే వ్యాకోచమునకు చోటు. పిమ్మట ఆ పుస్తకములోని పద్ధతిననుసరించి, పైపులలో చిక్కిన గాలిని వెడలింపవలెను.

మరునాడు ఇంజను చల్లగా ఉండగా మట్టమును మరల చూడవలెను. గాలి వెడలినందున కొంచెము తగ్గుట సహజము. బయట ఎచ్చటను తడి లేకున్నను ప్రతిదినము తగ్గుచున్నచో దోషము తొట్టిది కాదు. ద్రవము ఇంజనులోపలికే పోవుచుండవచ్చును. అట్టి కారును నడుపక మెకానికునకు చూపవలెను.